మా అత్త కార్డు మీద నా చేతులు

పెళ్లి మాటలకు బోధన్ నుంచి వచ్చినవాళ్లు మా అవ్వను అడిగిన మొదటి మాట, "పిల్లకు బీడీలు వస్తయా?" అని.

మాది వర్ని పక్క ఊరు. కాలువ నీళ్ల మీద బతికే ఊరు. నాకు నాటు వేయడం వచ్చు, కలుపు తీయడం వచ్చు, కోత వచ్చు. బీడీ ఆకు ఏ రంగులో ఉంటుందో కూడా తెలియదు. నన్ను కన్న మా అవ్వ నా మొహం ఒకసారి చూసి, "ఎందుకు రావు, మంచిగొస్తయ్" అంది.

"కార్డున్నదా మరి?"

"కార్డు లేదు."

"సరే తీ. మా ఇంట్ల ఒకటున్నది."

కార్డు అంటే బీడీ కంపెనీ ఇచ్చే కార్డు. అది ఉన్నవాళ్లకే కంపెనీ ఆకు, తంబాకు తూచి ఇస్తుంది. వాళ్ల పేరు మీదే పీఎఫ్ జమవుతుంది, జబ్బు చేస్తే బీడీ కార్మికుల దవాఖానాలో చూస్తారు. ముసలితనంలో ఎంతో కొంత చేతికి వస్తుంది. బీడీలు ఇంట్లో ఎవరు చుట్టినా లెక్క మాత్రం కార్డులో పేరున్న మనిషిదే. అలాంటి కార్డు నా పేరు మీద ఒకటి రావాలని నేను ఇరవై ఏళ్లకు పైగా ఎదురుచూశాను. ఇంకేమీ అడగలేదు. చెప్పుకోవడానికి నా దగ్గర ఉన్నది ఆ సంగతి ఒక్కటే.

నేను కాపురానికి వచ్చిన మరునాడు పొద్దున్నే మా అత్త నా ముందు చాట పెట్టింది. తడిపి గోనెలో చుట్టిన ఆకు తెచ్చి, కత్తెర, కొలత రేకు ఇచ్చి, "కానియ్యి" అంది. నేను ఆకును అటు తిప్పి ఇటు తిప్పి చూస్తున్నాను. ఆమెకు తెలిసిపోయింది. కోపం చేయలేదు. పక్కన కూర్చుని నవ్వింది.

"మీ అవ్వ అబద్ధమాడింది గదనే."

నేను తల వంచుకున్నాను.

"ఏం కాదు తియ్యి. నేను గూడ ఆడిన."

"మీరేం ఆడిండ్రు అత్తమ్మా?"

"నాకు కండ్లు కనవడుతయని చెప్పిన."

అప్పుడు చూశాను ఆమె కళ్లను. పొర కమ్మి ఉన్నాయి. నన్ను చూసుకోవడానికి వచ్చిన రోజు ఆమె నా మొహం వైపు తిరిగే మాట్లాడింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఆకు కొలతకు కత్తిరించడం, ఈనె పక్కకు తీయడం ఆమె వల్ల కావడం లేదు. కోడలు వచ్చి కట్టలు చేసి ఇస్తే తప్ప కార్డు నిలబడదు. అందుకే తొందరగా పెళ్లి చేశారు.

నాకు నేర్పింది ఆమే. నా వేళ్ల మీద తన వేళ్లు పెట్టి, "ఆకును సూడకు, పట్టుకో. సూస్తే ఆలస్యమైతది" అనేది. నేను చుట్టిన మొదటి కట్టలను బీడీ కార్ఖానాలో చెకింగ్ చేసే మనిషి సగం తీసి పారేశాడు. మా అత్త నన్ను ఒక్క మాట అనలేదు. అతన్ని మాత్రం, "నీ పెండ్లాం మొదటి దినమే బువ్వ మంచిగ వండిందా అయ్యా?" అని అడిగింది. మా వెనక వరుసలో ఆడవాళ్లందరూ నవ్వారు. ఏడాది తిరిగేసరికి నా బీడీలు ఎవరూ తీసి పారేసేవాళ్లు కాదు. కట్టకు ఇరవై ఐదు. కట్టలన్నీ మా అత్త పేరు మీద.

ఆమె మంచి మనిషి. ఇది చెప్పకపోతే తప్పవుతుంది.

మా ఇల్లు చక్కెర ఫ్యాక్టరీకి పోయే దారిలో ఉండేది. వెలుతురు కోసం నేను గడపలో కూర్చుని బీడీలు చేసేదాన్ని. సైరన్ కూయగానే మగవాళ్లు టిఫిన్ డబ్బాలతో మా గల్లీ లోంచి పోయేవారు. చేతికి లెక్క అలవాటైంది కదా, కళ్లు కూడా ఊరుకునేవి కాదు. గానుగ నడిచే రోజుల్లో పొద్దుటి సైరన్‌కు మా గల్లీ నుంచి ఒక కట్ట నిండి, ఇంకో కట్టలో సగం దాకా మనుషులు పోయేవారు. అందులో మా ఇంటాయన ఒకడు. ఆయన సీజన్ మనిషి. చెరుకు వచ్చినన్ని రోజులు పని, చెరుకు అయిపోతే ఇల్లు. ఏడాదిలో ఐదు నెలలో, మంచి పంట ఉంటే ఆరు నెలలో. మిగతా నెలల్లో మా ఇల్లు బీడీల మీద నడిచేది. అయినా గల్లీలో ఆయన ఫ్యాక్టరీ మనిషి. నేను ఇంట్లో ఉండే మనిషిని.

నేను వచ్చిన రెండో ఏడు జనాభా లెక్కలు వచ్చాయి. ముందు ఎవరో వచ్చి తలుపుల మీద ఎర్రమట్టి గేరుతో నంబర్లు వేసిపోయారు. ఆ నంబర్లు చూడగానే ఎదురింటి అక్క పరుగెత్తుకొచ్చింది. ఆమెదీ మా లాంటి సంసారమే. వాళ్ల అత్త కార్డు మీద ఆమె బీడీలు చేసేది.

"ఓ పెద్దవ్వా, కార్డుల చెకింగ్ అంటనే! ఇంటింటికి తిరిగి ఎవలు చేస్తుండ్రో రాసుకుంటరట. కార్డొకలది, పనొకలది అని తెలిస్తే కార్డు గుంజుకుంటరట."

"ఎవలు చెప్పిండ్రే నీకు?"

"అందరు అంటుండ్రు."

అందరూ అంటే ఎవరో మేము అడగలేదు. మా గల్లీలో సగం ఇళ్లలో కార్డు ఒకరిది, చేతులు ఇంకొకరివి. తలుపు మీద నంబరు వేశారంటే మా మీదికే వస్తున్నారని అందరం అనుకున్నాం.

రెండు మూడు వారాలకు ఒక బడి పంతులు పెద్ద కాగితం పట్టుకుని వచ్చాడు. ఆయన మూల తిరిగాడని తెలియగానే నేను చాటను మా అత్త ఒడిలో పెట్టి పొయ్యి దగ్గరికి పోయాను. మా ఇంటాయన ఆ రోజు రెండో షిఫ్టు. ఇంట్లోనే ఉన్నాడు. పంతులు గడప మీద కూర్చుని అడిగాడు.

"ఇంట్ల పనిచేసేటోళ్లు ఎవరెవరు?"

"నేను ఫ్యాక్టరీల సార్. మా అవ్వ బీడీలు చేస్తది."

"ఆమె?"

నా వైపే చెయ్యి చూపించి ఉంటాడు. నేను పొయ్యిలోకి చూస్తున్నాను.

"ఆమె ఇంట్లనే ఉంటది."

"ఏం పని చెయ్యదా?"

"ఏం చెయ్యదు సార్."

పంతులు రాసుకున్నాడు. చాటలో ఉన్న బీడీ ఒకటి తీసి అటూ ఇటూ తిప్పాడు. పొద్దున నేను చేసినవి అవి. "మంచిగ చేస్తవ్ అవ్వా. కొస సూడు, ఎంత సక్కగ మలిచినవో. ఎన్నేండ్ల సంది చేస్తున్నవ్?"

"మస్తేండ్లయింది నాయ్నా" అంది మా అత్త. ఆకు ఆమె చేతిలో వెనకా ముందుగా ఉంది.

ఆయన ఆ బీడీ చెవి మీద పెట్టుకుని పక్కింటికి పోయాడు. మా అత్త చాట దించి, "ఇగ రా బిడ్డా" అని పిలిచింది. నేను వచ్చి కూర్చుని కట్టలో ఎక్కడ ఆపానో అక్కడి నుంచి మొదలుపెట్టాను. నాకు ఏడుపు రాలేదు. కార్డు దక్కింది కదా అనుకున్నాను. మా ఇంటాయన అన్న ఆ మాట కూడా కార్డు కోసం అన్నదే. ఆయన అబద్ధమాడాడని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఏళ్లు గడిచిన కొద్దీ ఆ మాట అబద్ధమని ఆయనకు గుర్తు లేకుండా పోయింది. చుట్టాలు వచ్చినా, చర్చిలో ఎవరైనా అడిగినా, "ఆమె ఇంట్లనే ఉంటది" అనేవాడు. చాట నా ఒడిలో ఉండగానే అనేవాడు.

గానుగ రోజుల్లో మహారాష్ట్ర నుంచి చెరుకు కొట్టేవాళ్లు బండ్ల మీద పిల్లాజెల్లాతో వచ్చి, ఖాళీ జాగాల్లో చిన్న గుడిసెలు వేసుకునేవారు. ఒక ఆడమనిషి నీళ్ల కోసం మా ఇంటికి వచ్చేది. నాకంటే చిన్నది. రుద్రూర్ దిక్కు చేనులో కొట్టి వచ్చి, చేతులకు చెరుకు ఆకు కోసిన గీతలతో కూర్చునేది. ఒకనాడు మా అత్త ఊరికే అడిగింది.

"మీరు ఎంతమంది వచ్చిండ్రు పిల్లా?"

"పంధ్రా కోయతా" అంది.

కోయతా అంటే చెరుకు కొట్టే కత్తి. వాళ్ల గుంపులో మనుషుల లెక్క లేదు, కత్తుల లెక్కే. నేను మళ్లీ అడిగాను. "పదిహేను మందేనా?"

ఆ పిల్ల నవ్వి, వేళ్లతో చూపించింది. "మరద్, ఔరత్, దోనో మిల్‌కే ఏక్ కోయతా." మొగుడు కొడతాడు, పెళ్లాం మోపు కట్టి మోస్తుంది, ఇద్దరూ కలిసి ఒక్క కత్తి.

"గట్లైతే నువ్వు సగమా?" అంది మా అత్త.

"నై అమ్మా. మై గింతీ మే నై." లెక్కలోనే లేనంది. బిందె నెత్తికి ఎత్తుకుని పోయింది.

నేను అడగకుండానే మా అత్త, "నేను పోయినంక కార్డు నీకే బిడ్డా. మునిషీతోని చెప్పిపెడ్త" అంది. చెప్పింది కూడా. నా చెయ్యి పట్టుకుని కార్ఖానాకు వచ్చి మునిషీ ముందు నిలబడింది. ఆకు, తంబాకు తూచేదీ, కార్డులు చూసేదీ అతనే. అతను, "నీ పేరు మీద నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలిస్తవ్ అవ్వా? ఉన్నన్ని రోజులు నడవనియ్యి. తర్వాత సూద్దాం" అన్నాడు. చెడ్డగా అనలేదు. మేము ఆ మాట పట్టుకుని తిరిగి వచ్చాం.

పదేళ్లకు మళ్లీ తలుపుల మీద నంబర్లు పడ్డాయి. ఈసారి టీచరమ్మ వచ్చింది. మా అత్తకు చూపు పూర్తిగా పోయింది, కాళ్లు కూడా పడిపోయి మంచంలోనే ఉండేది. నేను ఈసారి చాట దించలేదు. ఆలస్యమైంది, దించే తీరిక దొరకలేదు అని చెప్పుకోవచ్చు. కానీ దించాలని అనిపించలేదు, అదే నిజం.

టీచరమ్మ నన్ను చూసి అడిగింది. "నువ్వు ఏం పని చేస్తవమ్మా? ఇంట్ల కూసొని చేసేది గూడ పనే. రాస్తా, చెప్పు."

నేను నోరు తెరిచాను. ఎదురింటి గడపలో అక్క నిలబడి చెయ్యి ఊపుతోంది, వద్దు వద్దని. నేను ఆమెను చూస్తున్న ఆ ఒక్క క్షణంలో మంచంలోంచి మా అత్త గొంతు వచ్చింది.

"ఆమెకేం రాదు బిడ్డా. నేనే చేస్త. జెర్ర నడుము పట్టేసి పండుకున్న. పిల్ల నాకు ఆకు సర్దుతున్నది."

భయంతో అంది. కార్డు పోతే నాకు ఏమీ మిగలదని నా కోసమే అంది. టీచరమ్మ ఆమె కళ్లు చూసింది, నా చాట చూసింది. చాలాసేపు కలం ఆపింది. "అట్లనే రాయాల్నా?" అని నన్నే అడిగింది.

"రాయుండ్రి" అన్నాను.

ఆ తర్వాతి ఏళ్లలో మా గల్లీ నుంచి సైరన్‌కు పోయేవాళ్లు తగ్గుతూ వచ్చారు. ఒకేసారి తగ్గలేదు. ఒక ఏడు సీజన్‌కు పిలుపు రానివాళ్లు నలుగురు, ఇంకో ఏడు ముగ్గురు. పర్మనెంట్ వాళ్లు కొందరు ముందే విరమించుకుంటామని సంతకాలు పెట్టారు. నేను లెక్కపెట్టడం మానలేదు. కట్టన్నర పోయే గల్లీలో ఒక కట్ట, తర్వాత కట్టకు తక్కువ. ఒక పొద్దున మా ఇంటాయనకు కూడా పిలుపు రాలేదు. ఆయన మాత్రం సైరన్‌కు లేచి మొహం కడుక్కుని, చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చునేవాడు. నిజామాబాద్ పోయి ఏదైనా చూసుకొమ్మని అంటే, "సీజన్ మొదలైతే పిలుస్తరు, నేను లేకపోతే ఎట్ల?" అనేవాడు. చెరుకు బండ్లు కూడా తగ్గాయి. నీళ్లకు వచ్చే ఆ పిల్ల ఇంకో రెండేళ్లు వచ్చింది, మూడో ఏడు రాలేదు. ఎందుకు రాలేదో అడగడానికి ఆమె ఊరి పేరు కూడా నాకు తెలియదు.

రెండో లెక్క అయిన ఐదారేళ్లకు మా అత్త పోయింది. పాస్టర్ వచ్చి ప్రార్థన చేశాడు, మన్ను చేశాం. ఆమె పోయేముందు నా వేళ్లు పట్టుకుని తడిమి చూసింది, ఆకు తడిమినట్టు. "గట్టిగున్నయ్" అంది. నా వేళ్ల కొసలకు అప్పటికే స్పర్శ సరిగ్గా తెలిసేది కాదు. ఆమె పట్టుకున్నదని కళ్లతో చూసి తెలుసుకున్నాను.

పదకొండో రోజు దాటాక కార్డు తీసుకుని కార్ఖానాకు పోయాను. అప్పటి మునిషీ వేరే. కార్డు తీసుకుని దాని మీద గీత కొట్టాడు.

"ముసలామెది అయిపోయిందమ్మా. పీఎఫ్ కొడుకుకు వస్తది, ఆయన్ని పంపు."

"కార్డు నా పేరు మీదికి మార్చుతనన్నరు."

"ఎవరన్నరు?"

"ముందున్న మునిషీ."

"ఆయన లేడు గదా. నువ్వు ఎన్నేండ్ల సంది చేస్తున్నవ్?"

"పెండ్లయినప్పటి సంది. గీ కట్టలన్ని నేను చేసినయే."

"ఏమన్న కాయితమున్నదా?"

నేను నా చేతులు చూపించాను. పిచ్చి పని. అతను నవ్వలేదు, పాపం. "చేతులు సూస్తే నాకు తెలుస్తది అక్కా. పైవాళ్లకు కాయితం కావాలె. కొత్త కార్డులు ఇప్పుడు ఇస్తలేరు. బీడీ తాగేటోళ్లే తక్కువైండ్రు, ఉన్నోళ్లకే ఆకు చాలుతలేదు. పేరైతే రాసుకుంట" అన్నాడు. ఒక నోటుపుస్తకం చివరి పేజీలో నా పేరు రాసుకున్నాడు. నా కళ్ల ముందే రాశాడు. నేను చదివినది మూడో తరగతి అయినా నా పేరు నేను చదవగలను. రాసింది నా పేరే.

ఇంటికి వచ్చి అన్నం వండాను. కోపం వస్తుందేమో అని చూశాను, రాలేదు. మర్నాటి నుంచి ఎదురింటి అక్క తన కార్డు ఆకులోంచి సగం నాకు ఇచ్చింది. వాళ్ల అత్త పోయినప్పుడు, ఇంకా కార్డులు ఇస్తున్న రోజుల్లో, ఆమెకు కార్డు వచ్చింది. "నేను ఒక్కదాన్నే ఎంత చేస్త, నువ్వు గూడ చెయ్యి. కట్టలు నా పేరు మీద పోతయ్, నీ వంతు నీకిస్త" అంది. అంతకు ముందు అత్త, ఇప్పుడు అక్క. నా చేతులు ఒక పేరు కింద నుంచి ఇంకో పేరు కిందికి జరిగాయి. ఆకు అదే, దారం అదే.

ఇంకో నాలుగైదేళ్లకు మూడోసారి నంబర్లు పడ్డాయి. పోయినసారి గేరు మీదే కొత్త గేరు. ఈసారి వచ్చింది ఒక చిన్న వయసు టీచర్ పిల్ల. మా ఇంటాయన అరుగు మీద ఉన్నాడు. అడగక ముందే, "నేను ఫ్యాక్టరీ" అన్నాడు.

"పోయిన ఏడాదిల ఎన్ని నెలలు పనిచేసిండ్రు బాపూ?"

ఆయన చొక్కా గుండీ సర్దుకున్నాడు.

"ఆరు నెలలకు ఎక్కువనా, తక్కువనా?"

"పిలుస్తరమ్మా" అన్నాడు.

"ఇప్పుడు పని కోసం సూస్తున్నరా మరి?"

"ఉన్న పని పెట్టుకొని ఇంకో పని ఎందుకు సూస్త?"

ఆ పిల్ల ఏం రాయాలో తెలియక కొంచెం ఆగి, ఏదో రాసింది. తర్వాత నా వైపు తిరిగింది. ఎదురింటి అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గడపలో నిలబడి ఉంది. ఈసారి కార్డు ఆమెది. నేను బీడీలు అన్నానంటే ఎవరి కార్డు అని అడుగుతారని ఆమె భయం. నాకు ఆ భయం కనిపించింది, కానీ నన్ను తాకలేదు. మా అత్త మంచం వైపు చూశాను. మంచం ఎత్తి గోడకు ఆనించి ఉంది.

"నువ్వేం చేస్తవ్ అవ్వా?"

"బీడీలు చేస్త."

"ఏడాదిల ఎన్ని నెలలు?"

"పన్నెండు."

"ఎన్నేండ్ల సంది?" అని ఆమె అడగలేదు. ఆ ప్రశ్న ఆమె కాగితంలో లేదనుకుంటాను. నేనే చెప్పాను, పెళ్లయినప్పటి సంది అని. ఆమె తల ఊపింది, అది మాత్రం రాయలేదు.

మా ఇంటాయన నా వైపు చూశాడు. లేచి లోపలికి పోయి చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. ఆ టీచర్ పిల్ల గల్లీ దాటి అక్క గడపకు పోయింది. అక్క గొంతు నాకు వినపడింది, "నేనే చేస్త, నేనొక్కదాన్నే చేస్త" అని. ఆ పిల్ల అదీ రాసుకుంది. ఒక్క కార్డు మీద ఇద్దరం పనివాళ్లం.

ఆ రోజు పొద్దు గూకకముందే అక్క వచ్చి వాకిట్లో నిలబడింది. "ముంచితివి గదనే నన్ను. రేపో ఎల్లుండో జీపేసుకొని వస్తరు సూడు. నా కార్డు పోతే నీ ఇంట్లనే వచ్చి కూసుంట."

"కూసో అక్కా. చాట ఇంకొకటున్నది."

ఆమె తిట్టుకుంటూ పోయింది. మర్నాడు ఆకు పంపలేదు. ఆ మర్నాడూ పంపలేదు. నాకు ఎన్నో ఏళ్లకు చేతులు ఖాళీగా ఉన్నాయి. గడపలో కూర్చుని దారి చూశాను. సైరన్‌కు పోయేవాళ్లు కనపడ్డారు, కొద్దిమంది. జీపు రాలేదు. కంపెనీ మనిషి రాలేదు, పీఎఫ్ ఆఫీసు మనిషి రాలేదు. పక్క గల్లీల్లో కూడా ఎవరి కార్డూ ఎవరూ గుంజుకోలేదు.

తొమ్మిదో రోజో పదో రోజో అక్క ఆకు మూట తెచ్చి నా ముందు వేసి, తనూ చాట పెట్టుకుని కూర్చుంది. ఒక కట్ట అయింది.

"ఎవలన్న వచ్చిండ్రానే?" అంది.

"ఎవలు రాలే."

"ఏం గాలే?"

"ఏం గాలే."

ఆమె దారం తెంపి, బీడీ కొస మలిచి, చాటలో వేసింది. "గట్లైతే గిన్నేండ్లు ఎవలకు భయపడి దాసినం?"

రెండో కట్టలో పందొమ్మిది దాకా వచ్చాను. ఆకు తీసుకుని ఇరవయ్యోది చుట్టాను.